తేనెటీగ విష చికిత్స: నిన్న పడింది, రేపు పడుతుందా?

సంక్షిప్తంగా: తేనెటీగ విషంతో చేసే చికిత్సలో చాలామందికి ఎదురయ్యేవి నొప్పి, దురద, వాపు. ప్రాణం మీదకు తెచ్చేది మాత్రం అలర్జీ. ఆ అలర్జీ మొదటి రోజే ఉండాలని లేదు, చికిత్స సాగుతుండగానే ఒంట్లో తయారు కావచ్చు. అందుకే "ఇన్నాళ్లూ ఏమీ కాలేదు" అన్న మాట మీద ధీమా పెట్టుకోలేం. అలర్జీని తగ్గించడానికి నిపుణులు ఇదే విషాన్ని కొద్దికొద్దిగా ఇచ్చే ఇమ్యునోథెరపీ వేరు, నొప్పులకు కుట్టించుకోవడం వేరు. ఈ రెండింటినీ కలిపి చూడటం వల్లే గందరగోళం పెరుగుతోంది.

కీళ్లనొప్పులకు తేనెటీగలతో కుట్టించుకోవడం పాత పద్ధతే. ఇప్పటి స్లొవేనియాలోని మారిబోర్‌లో వైద్యం చేసిన ఫిలిప్ టెర్చ్, తేనెటీగ కాట్లకూ కీళ్లవాతానికీ సంబంధం ఉందంటూ 1888లోనే రాశారు. అప్పటి నుంచి ఈ చికిత్స చాలా రూపాలు తీసుకుంది. కొందరు బతికున్న ఈగను నేరుగా చర్మానికి ఆనిస్తారు. కొరియాలో ఈగల నుంచి తీసి శుద్ధి చేసిన విషాన్ని ఆక్యుపంక్చర్ బిందువుల దగ్గర సూదితో ఎక్కిస్తారు. క్రీముల్లో కలిపి అమ్మేవారూ ఉన్నారు.

ఈ చికిత్స గురించి రెండు రకాల వార్తలు వస్తుంటాయి. తేనెటీగ విషం రొమ్ము క్యాన్సర్ కణాలను చంపిందని 2020లో ఆస్ట్రేలియా పరిశోధకులు ప్రకటించారు. దానికి రెండేళ్ల ముందు, 2018లో, కుట్టించుకున్నవారు చనిపోయిన ఉదంతాలు స్పెయిన్ నుంచీ దక్షిణ కొరియా నుంచీ వచ్చాయి. రెండూ నిజాలే. ఒకే పదార్థం గురించి ఇలాంటి రెండు కబుర్లు విన్నవాళ్లకు దేన్ని నమ్మాలో తెలియకపోవడం సహజం. ఆ చిక్కు విడాలంటే విషం ఒంట్లోకి దిగాక ఏం జరుగుతుందో తెలియాలి.

## ముల్లు దిగాక

చికిత్స చేసే వ్యక్తి ఈగను చిన్న పట్టకారుతో పట్టి, నొప్పి ఉన్నచోట ఆనిస్తాడు. ఈగ కుడుతుంది. దాని ముల్లుకు వెనక్కి తిరిగిన కొక్కేలుంటాయి కాబట్టి ఈగను తీసేసినా ముల్లు చర్మంలోనే ఉండిపోతుంది. ముల్లుతో పాటు విషపు తిత్తి, దాన్ని నడిపే కండరాలు, నరాల ముడి కూడా ఈగ ఒంటి నుంచి ఊడి వస్తాయి. దగ్గరగా చూస్తే ఆ తిత్తి ఇంకా కొట్టుకుంటూ కనిపిస్తుంది. ఈగ లేకపోయినా అది తన పని తాను చేసుకుపోతూ విషాన్ని లోపలికి తోస్తూనే ఉంటుంది. సుమారు 20 సెకన్లలో 90 శాతం విషం దిగిపోతుంది. నిమిషం తిరిగేసరికి తిత్తి దాదాపు ఖాళీ.

ముల్లును గోటితో గీరి తీయాలా, పట్టుకుని లాగాలా అన్న వాదన చాలాకాలం నడిచింది. ఎలా తీశామన్నదాని కంటే ఎంత త్వరగా తీశామన్నదే ముఖ్యమని 1996లో లాన్సెట్ పత్రికలో వచ్చిన అధ్యయనం చెప్పింది. చికిత్సకు సంబంధించి ఇది చిన్న విషయం కాదు. ఒక కాటులో దిగే విషం సాధారణంగా 50 నుంచి 140 మైక్రోగ్రాముల మధ్య ఉంటుంది. ఈగ వయసు, కాలం, ముల్లు చర్మంలో ఉన్న సేపు, ఇవన్నీ ఆ మొత్తాన్ని మార్చేస్తాయి. కాబట్టి "ఈ రోజు మూడు కాట్లు" అంటే అది మోతాదు చెప్పినట్టు కాదు. ఈ వారం మూడు కాట్లకూ వచ్చే వారం మూడు కాట్లకూ మధ్య రెట్టింపు తేడా ఉన్నా కనిపెట్టలేం.

ఇక విషంలో ఉన్నదేమిటి? ఎండబెట్టిన విషంలో దాదాపు సగం మెలిటిన్ అనే చిన్న ప్రొటీన్. ఇది కణాల పొరలకు చిల్లులు పెడుతుంది. కాటు పడగానే మంట పుట్టడానికీ, ల్యాబ్‌లో క్యాన్సర్ కణాలు చావడానికీ కారణం ఇదే గుణం. తర్వాతి ప్రధాన భాగం ఫాస్ఫోలైపేజ్ ఎ2 అనే ఎంజైము, పదో వంతు పైచిలుకు. అలర్జీ పుట్టించడంలో ముందుండేది ఇదే. హయలురొనిడేజ్ అనే మరో ఎంజైము కణజాలాన్ని వదులు చేసి విషం పాకడానికి దారి ఇస్తుంది. అపామిన్ నరాల మీద పనిచేస్తుంది. ఎంసీడీ పెప్టైడ్ అనేది చర్మంలో ఉండే మాస్ట్ కణాలనే రోగనిరోధక కణాలను నేరుగా పగలగొట్టి, వాటిలోని హిస్టమిన్ అనే రసాయనాన్ని బయటకు వదిలిస్తుంది. అలర్జీ ఏమాత్రం లేని మనిషికి కూడా కుట్టినచోట ఎర్రబడి, ఉబ్బి, దురద పుట్టేది అందుకే.

ఉపశమనం కలిగిందనే వారి మాటను కొట్టిపారేయనక్కర్లేదు. మెలిటిన్ తక్కువ మోతాదులో వాపును పెంచే కొన్ని సంకేతాలను అడ్డుకుంటుందని జంతువుల మీద జరిగిన ప్రయోగాల్లో కనిపించింది. కొత్త నొప్పి పాత నొప్పిని కాసేపు మరిపించడమూ ఉంది. అయితే ఉపశమనం ఉందా అన్నది ఒక ప్రశ్న, ప్రమాదం ఎంత అన్నది వేరే ప్రశ్న. మొదటిదానికి అవునని జవాబు వచ్చినంత మాత్రాన రెండోదాన్ని పక్కన పెట్టేయడానికి వీల్లేదు.

## విషం పనా, అలర్జీ పనా?

తేనెటీగ విషం రెండు దారుల్లో హాని చేస్తుంది. వీటిని విడదీసి చూడకపోతే "కొద్దిగానే కదా, ఏం కాదు" అన్న పొరపాటు లెక్క పుడుతుంది.

మొదటిది విషం నేరుగా చేసే హాని. ఇది మోతాదును బట్టి ఉంటుంది. తేనెపట్టు కదిలి వందల ఈగలు మీద పడితే ఎర్ర రక్తకణాలు చితికిపోతాయి, కండరాలు దెబ్బతింటాయి, ఆ చెత్తంతా వడకట్టలేక కిడ్నీలు మొరాయిస్తాయి. పెద్దవాళ్ల ప్రాణానికి ముప్పు రావాలంటే మామూలుగా వందల్లో కాట్లు పడాలి. చికిత్సలో వాడే కొద్దిపాటి కాట్లు ఆ స్థాయికి రావు. ఈ మేరకు చికిత్స చేసేవారు చెప్పేది సరైనదే.

రెండోది అలర్జీ. ఇక్కడ మోతాదు లెక్క పనిచేయదు. విషం పడని మనిషికి ఒక్క కాటు చాలు. విషం అందులో నిప్పురవ్వ మాత్రమే, మంట పెట్టేది శరీరం సొంత రోగనిరోధక వ్యవస్థ.

కుట్టినచోట ఎర్రబడి ఉబ్బి, గంటల్లోనో ఒకట్రెండు రోజుల్లోనో తగ్గిపోతే అది మామూలు స్పందన. వాపు 10 సెంటీమీటర్లు దాటి, ఒక రోజుకు మించి ఉంటే దాన్ని పెద్ద స్థానిక స్పందన అంటారు. ఇబ్బందే గానీ చాలావరకు ప్రమాదం కాదు. లెక్క మారేది కాటుకు దూరంగా లక్షణాలు కనిపించినప్పుడు. మోకాలి దగ్గర కుట్టిస్తే మెడ మీద దద్దుర్లు లేవడం, అరచేతులూ అరికాళ్లూ దురద పెట్టడం, పెదవులు ఉబ్బడం, గొంతు బిగుసుకుపోయి మాట బొంగురుపోవడం, పిల్లికూతలు, కడుపులో మెలిపెట్టి వాంతులు, కళ్లు బైర్లు కమ్మడం. వీటిని "మందు పనిచేస్తోంది" అని సర్దిచెప్పే అలవాటు కొన్నిచోట్ల ఉంది. ఈ చికిత్స చుట్టూ ఉన్న నమ్మకాల్లో అన్నిటికంటే చేటు చేసేది ఇదే. దురదా వాపూ మంచి సూచనలని ముందే చెప్పి ఉంచితే, అసలు హెచ్చరిక వచ్చినప్పుడు రోగి నోరు విప్పడు.

## పడే విషం పడకుండా ఎలా పోతుంది?

విషం మొదటిసారి ఒంట్లోకి వెళ్లినప్పుడు రోగనిరోధక వ్యవస్థ దాన్ని పరిశీలించి గుర్తుపెట్టుకుంటుంది. కొందరిలో ఆ గుర్తు ఐజీఈ అనే యాంటీబాడీల రూపంలో మిగులుతుంది. అవి వెళ్లి మాస్ట్ కణాల మీద అంటుకుని కూర్చుంటాయి. పైకి ఏ తేడా తెలియదు, మనిషి హాయిగానే ఉంటాడు. తర్వాత ఎప్పుడో మళ్లీ విషం వచ్చి ఆ యాంటీబాడీలకు తగలగానే, ఒంట్లోని మాస్ట్ కణాలు ఒక్కసారిగా పగిలి హిస్టమిన్, ట్రిప్టేజ్ వంటి పదార్థాలను రక్తంలోకి వదులుతాయి. రక్తనాళాలు వదులై బీపీ పడిపోతుంది, శ్వాసనాళాలు బిగుసుకుంటాయి. దీన్నే అనాఫిలాక్సిస్ అంటారు.

అంటే మొదటి కాటు అలర్జీని చూపించకపోవచ్చు, దానికి పునాది మాత్రం వేయవచ్చు. పదో కాటో యాభయ్యో కాటో ఆ పని చేయవచ్చు. చికిత్స మొదలుపెట్టే ముందు ఒక ఈగతో పరీక్షించి చూసి, "మీకు అలర్జీ లేదు" అని ధైర్యం చెప్పడంలోని లోపం ఇక్కడే ఉంది. ఆ పరీక్ష ఆనాటి సంగతి చెబుతుంది. ఆ తర్వాత జరిగే ఒక్కో చికిత్సా ఆ ఫలితాన్ని మార్చే అవకాశం ఉంది.

"మరి తేనెటీగల పెంపకందార్లు రోజూ కుట్టించుకుంటారు కదా?" అనే ప్రశ్న తప్పకుండా వస్తుంది. మంచి ప్రశ్నే, కానీ జవాబు చాలామంది అనుకునేలా లేదు. ఏడాదికి 200కు పైగా కాట్లు తినే పెంపకందార్లలో తీవ్రమైన అలర్జీ చాలా అరుదు. తరచుగా, ఎక్కువగా విషం తగలడం వల్ల వాళ్ల శరీరం ఐజీజీ4 అనే వేరే రకం యాంటీబాడీలను తయారు చేసుకుని విషానికి అలవాటు పడుతుంది. ఏడాదికి 25 కంటే తక్కువ కాట్లు తినే పెంపకందార్లలో మాత్రం అలర్జీ ఎక్కువగా కనిపించింది. అప్పుడప్పుడు కొద్దికొద్దిగా, మధ్యలో విరామాలతో తగిలే విషమే ఎక్కువ ఇబ్బంది పెడుతోందన్నమాట. నెలకోసారి కుట్టించుకునేవారి పరిస్థితి వీళ్లలో ఎవరికి దగ్గరో వేరే చెప్పనక్కర్లేదు.

## 2018లో వెలుగులోకి వచ్చిన రెండు మరణాలు

స్పెయిన్ ఉదంతాన్ని మాడ్రిడ్‌లోని ఒక ఆసుపత్రి వైద్యులు వైద్య పత్రికలో వివరించారు. 55 ఏళ్ల మహిళ. కండరాల బిగువుకూ, మానసిక ఒత్తిడికీ సుమారు నాలుగు వారాలకోసారి బతికున్న ఈగలతో కుట్టించుకునేది. రెండేళ్లుగా ఏ ఇబ్బందీ లేదు, ఆస్తమా వంటి జబ్బులూ లేవు. ఆ రోజు కాటు పడగానే పిల్లికూతలు, ఆయాసం మొదలై స్పృహ తప్పింది. అక్కడున్నవారు స్టెరాయిడ్ ఇచ్చారు. బీపీని నిలబెట్టి, శ్వాసనాళాలను తెరిచే అడ్రినలిన్ ఇంజెక్షన్ అక్కడ లేదు. అంబులెన్స్ రావడానికి అరగంట పట్టింది. మెదడుకు రక్తప్రసరణ దెబ్బతిని కోమాలోకి వెళ్లిన ఆమె, ఆ తర్వాత కొన్ని వారాలకు అవయవాలు ఒక్కొక్కటిగా దెబ్బతిని చనిపోయింది.

దక్షిణ కొరియాలోని బుచాన్ నగరంలో ముప్పై ఎనిమిదేళ్ల స్కూలు టీచర్ నడుమునొప్పికి సాంప్రదాయ వైద్యశాలకు వెళ్లి తేనెటీగ విషం ఇంజెక్షన్ చేయించుకుంది. అనాఫిలాక్సిస్ వచ్చింది. అదే భవనంలో ఉన్న మరో డాక్టర్‌ను సాయానికి పిలిచారు. ఆమెను కాపాడలేకపోయారు. ఇది శుద్ధి చేసిన విషం, సూదితో కొలిచి ఇచ్చినది, వైద్యశాలలోనే జరిగింది. బతికున్న ఈగల వల్లే ప్రమాదమనీ, ఇంజెక్షన్ అయితే ఫర్వాలేదనీ అనుకునేవారు ఈ ఉదంతాన్ని గుర్తుంచుకోవాలి.

రెండు చోట్లా అసలు తేడా నిమిషాల దగ్గరే వచ్చింది. కాట్ల వల్ల వచ్చే ప్రాణాంతక అనాఫిలాక్సిస్‌లో గుండో ఊపిరో ఆగిపోవడానికి పట్టే సమయం సగటున 15 నిమిషాలని బ్రిటన్‌లో జరిగిన పరిశీలన తేల్చింది. బయటి నుంచి సాయం వచ్చేసరికి ఆ గడువు దాటిపోయే అవకాశమే ఎక్కువ. చికిత్స చేసే గదిలో అడ్రినలిన్ ఉందా లేదా అన్నది అందుకే ప్రాణం నిలిపే ప్రశ్న అవుతుంది. స్టెరాయిడ్లూ, అలర్జీ మాత్రలూ నెమ్మదిగా పనిచేస్తాయి. పడిపోతున్న బీపీని అవి నిలబెట్టలేవు.

## అదే విషం, వేరే పద్ధతి

"డాక్టర్లు కూడా తేనెటీగ విషాన్నే మందుగా వాడతారు" అన్న వాదన తరచుగా వినిపిస్తుంది. అది విషపు ఇమ్యునోథెరపీ గురించి. ఇది తేనెటీగ కాటుకు ఇప్పటికే తీవ్రమైన అలర్జీ ఉన్నవారికి, ఆ అలర్జీని తగ్గించడానికి ఇచ్చేది. కీళ్లనొప్పులకు కాదు.

పద్ధతిలో తేడా చూస్తే విషయం అర్థమవుతుంది. ఇమ్యునోథెరపీ సాధారణంగా ఒక మైక్రోగ్రాము కంటే తక్కువ విషంతో మొదలై, మెట్లు మెట్లుగా 100 మైక్రోగ్రాములకు చేరుతుంది. ఆ స్థాయికి, అంటే ఒక కాటుకో రెండు కాట్లకో సమానమైన మోతాదుకు, చేరడానికే అన్ని జాగ్రత్తలు. తర్వాత కొన్ని వారాలకోసారి అదే మోతాదు, 3 నుంచి 5 ఏళ్ల పాటు. ప్రతి ఇంజెక్షన్ తర్వాత రోగిని కనిపెట్టుకుని కూర్చోబెడతారు. అడ్రినలిన్ చేతికందేంత దూరంలో ఉంటుంది. నొప్పుల చికిత్సలో కొన్నిసార్లు మొదటి రోజే రెండు మూడు కాట్లు వేయిస్తారు. అంటే నిపుణులు ఎక్కి చేరుకునే పై మెట్టు, ఇక్కడ మొదటి మెట్టు.

ఇన్ని జాగ్రత్తల మధ్య కూడా తేనెటీగ విషపు ఇమ్యునోథెరపీ, కందిరీగ విషంతో చేసేదానికంటే ఎక్కువ ఇబ్బందులు తెస్తుందన్నది నిపుణులకు తెలిసిన సంగతే. రక్షణ కూడా కాస్త తక్కువే. కందిరీగ విషంతో 91 నుంచి 96 శాతం మందికి రక్షణ దొరికితే, తేనెటీగ విషంతో అది 77 నుంచి 84 శాతం. మొండి విషం ఇది.

## లాభం పక్కన ఏముంది?

ప్రమాదం ఉన్న చికిత్సలు వైద్యంలో చాలానే ఉన్నాయి. లాభం గట్టిదైతే రిస్క్ తీసుకుంటారు. కాబట్టి తక్కెడలో రెండో పళ్లెం కూడా చూడాలి.

మెదడు, వెన్నుపాముల్లోని నరాలను దెబ్బతీసే మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే జబ్బు ఉన్న 26 మంది మీద నెదర్లాండ్స్‌లో చేసిన అధ్యయనం 2005లో వెలువడింది. వారానికి మూడుసార్లు, ఒక్కోసారి 20 కాట్ల దాకా, 24 వారాలు. తీవ్రమైన దుష్ప్రభావాలు రాలేదు. కానీ జబ్బు జోరు గానీ, నీరసం గానీ, వైకల్యం గానీ తగ్గలేదు. పార్కిన్సన్ వ్యాధి ఉన్న 40 మందికి ఫ్రాన్స్‌లో నెలకు 100 మైక్రోగ్రాముల చొప్పున 11 నెలలు విషం ఇచ్చి, ఉత్తుత్తి మందుతో పోల్చారు. 2016లో వచ్చిన ఫలితాల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు. నడుమునొప్పి, మోకాలి నొప్పి మీద కొన్ని ట్రయల్స్ ఆశాజనకంగా ఉన్నా, చాలావరకు చిన్నవి. పైగా కుట్టిన మంట వల్ల ఎవరికి విషం ఇచ్చారో, ఎవరికి ఉప్పునీళ్లు ఇచ్చారో రోగికే తెలిసిపోతుంది. ఇలాంటి ట్రయల్స్‌లో అది పెద్ద చిక్కు.

క్యాన్సర్ కణాల సంగతికి వస్తే, అవి గాజు పాత్రల్లోని కణాలు, ఎలుకలు. కణాల పొరలకు చిల్లులు పెట్టే మెలిటిన్‌ను రక్తంలోకి వదిలితే మంచి కణాలను కూడా వదలదు. కణితి దగ్గరకు మాత్రమే దాన్ని చేర్చే దారి కోసమే పరిశోధనలు సాగుతున్నాయి. కాటు వేయించుకోవడంతో దానికి పోలిక లేదు. క్యాన్సర్‌కు జరుగుతున్న వైద్యం మానేసి ఈగల దగ్గరకు వెళ్తే కోల్పోయే సమయం తిరిగి రాదు.

దుష్ప్రభావాల మీద విస్తృతమైన సమీక్ష 2015లో వచ్చింది. 145 అధ్యయనాలను పరిశీలించి కొరియా పరిశోధకులు చెప్పిందేమిటంటే, ఉప్పునీటి ఇంజెక్షన్‌తో పోలిస్తే తేనెటీగ విషపు ఆక్యుపంక్చర్‌లో దుష్ప్రభావాలు మూడున్నర రెట్లకు పైగా ఎక్కువ. వీటిలో ఎక్కువ భాగం చర్మానికి సంబంధించిన చిన్న ఇబ్బందులే. కానీ దద్దుర్ల నుంచి అనాఫిలాక్సిస్ దాకా అన్నీ ఆ జాబితాలో ఉన్నాయి. అరుదుగా కాలేయం దెబ్బతినడం, ప్లేట్‌లెట్లు పడిపోవడం, చర్మంలో మిగిలిన ముల్లు చుట్టూ గట్టి గడ్డ కట్టడం వంటివీ వైద్య పత్రికల్లో నమోదయ్యాయి.

ఎంజైములను తీసేసి మెలిటిన్‌ను మాత్రమే ఉంచిన విషాన్ని కొరియాలో వాడుతున్నారు. అలర్జీ పుట్టించే ముఖ్యమైన భాగాలు పోతాయి కాబట్టి రిస్క్ తగ్గుతుందన్నది ఆలోచన. దిశ మంచిదే, కానీ మెలిటిన్‌కు కూడా అలర్జీ వచ్చేవారు కొందరున్నారు.

## ఎవరికి ఎక్కువ ప్రమాదం?

గతంలో కాటు పడి ఒళ్లంతా దద్దుర్లు లేచినవారు, ఆయాసం వచ్చినవారు ఈ చికిత్స జోలికి పోకూడదు. ఆస్తమా అదుపులో లేనివారు, గుండెజబ్బు ఉన్నవారు, గర్భిణులు కూడా అంతే. మాస్ట్ కణాలు అవసరానికి మించి ఉండే మాస్టోసైటోసిస్ అనే జబ్బు ఉంటే కాటుకు వచ్చే స్పందన చాలా తీవ్రంగా ఉంటుంది. కొందరిలో ఆ జబ్బు ఉన్నట్టు బయటపడేదే కాటు తర్వాత. బీపీకో గుండెకో బీటా బ్లాకర్ మాత్రలు వేసుకునేవారి విషయంలో మరో చిక్కు ఉంది. అనాఫిలాక్సిస్ వస్తే వారికి అడ్రినలిన్ అంత బాగా పనిచేయకపోవచ్చు, గ్లూకగాన్ అనే వేరే మందు అవసరం పడవచ్చు. అలాగని ఈ చికిత్స కోసం ఆ మాత్రలు సొంతంగా ఆపేయడం అంతకంటే ప్రమాదం.

## ఒంట్లో తేడా చేస్తే

కాటుకు దూరంగా దద్దుర్లో, ఊపిరాడకపోవడమో, కళ్లు తిరగడమో మొదలైతే ఎదురుచూడటానికి సమయం లేదు. ముల్లు ఉంటే వెంటనే తీసేయాలి. తొడ బయటి వైపు కండరంలో అడ్రినలిన్ వేయాలి, పెద్దవారికి 0.3 నుంచి 0.5 మిల్లీగ్రాములు. తగ్గకపోతే 5 నిమిషాల తర్వాత మళ్లీ వేయవచ్చు. మనిషిని వెల్లకిలా పడుకోబెట్టి కాళ్లు ఎత్తి ఉంచాలి. ఆయాసం ఎక్కువగా ఉంటే కాళ్లు చాపి కూర్చోనివ్వవచ్చు. బీపీ పడిపోయిన మనిషిని గాలి ఆడుతుందని లేపి నిలబెట్టడం, నడిపించడం చేయకూడదు. గుండెకు తిరిగి వచ్చే రక్తం ఒక్కసారిగా తగ్గి క్షణాల్లో కుప్పకూలిన సందర్భాలున్నాయి.

తేరుకున్నాక కూడా ఆసుపత్రిలో కొన్ని గంటలు ఉండాల్సిందే. కొందరిలో లక్షణాలు తగ్గినట్టే తగ్గి, మళ్లీ విషం తగలకుండానే రెండోసారి తిరగబడతాయి. మొదటి కొన్ని గంటల్లో రక్తంలో ట్రిప్టేజ్ పరీక్ష చేయించి, ఒక రోజు గడిచాక మళ్లీ చేయిస్తే జరిగింది అనాఫిలాక్సిసేనా, వెనక మాస్ట్ కణాల జబ్బు ఏమైనా ఉందా అన్నది తెలుస్తుంది. విషానికి చేసే చర్మ పరీక్షకు మాత్రం తొందర పడకూడదు. స్పందన వచ్చిన వెంటనే కొన్ని వారాల పాటు ఆ పరీక్ష తప్పుగా నెగటివ్ చూపించవచ్చు. అప్పుడు నెగటివ్ వచ్చినా, నాలుగు నుంచి ఆరు వారాలు ఆగి అలర్జీ డాక్టర్ దగ్గర మళ్లీ చేయించుకోవాలి. ఈలోగా మరో కాటు వేయించుకోకూడదు.